మొగులుకు తాళంచెవి ఎవరి దగ్గర?

ఎడమ చెయ్యి పాత సర్వర్ మూత మీద, కుడి చెయ్యి గుండె మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇందులో రాసిందంతా అక్షరం అక్షరం నిజం. ఒక్క ముక్క అబద్ధమున్నా నా ఇంట్లో ఆరు నెలలు సిగ్నల్ రాకుండా పోవుగాక. నన్ను ఎరిగినవాళ్లు ఈ వాక్యం దగ్గరే కాగితాలు పక్కన పడేస్తారని తెలుసు. వాళ్లు చివరి పేజీ మాత్రం చదివితే చాలు. మిగతావాళ్లు వరసగా రండి.

నా పేరు మల్లేశం. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఇరవై ఆరేళ్లు కంప్యూటర్లు బాగుచేశాను. బండి మీద తిరిగి తిరిగి నడుము అడ్డం తిరగడంతో యాభై నాలుగుకే మానేశాను. చివరి పదేళ్లు నా పని ఒకటే. వ్యాపారుల సమాచారాన్ని వాళ్ల గదుల్లోంచి తీసి క్లౌడ్‌లోకి ఎక్కించడం. ఎన్ని ఎక్కించానో నాకే గుర్తు లేదు, మీకు అక్కర్లేదు కూడా. ఈ పనిలోకి కొత్తగా దిగే పిల్లలు, వాళ్లకు పని చెప్పే మేనేజర్లు తెలుసుకోవాల్సిన సంగతి ఒక్కటే ఉంది. అది నాకు భద్రాచలంలో ఒక దవాఖానా నేర్పింది. అంతకు ముందు చండ్రుగొండ నుంచి మొదలుపెట్టాలి.

కిరాయి అర్ర

చండ్రుగొండలో ఒక విత్తనాల కొట్టు సేటు. ఆయనకు క్లౌడ్ గురించి అరగంట చెప్పాను. మా వైపు మబ్బును మొగులంటాం, గదిని అర్రంటాం. నేను ఆ మాట వాడానో, ఆయనే అర్థం చేసుకున్నాడో గాని, అంతా విని అడిగాడు:

"ఏంది మల్లేశం, నా సరుకు వివరమంత తీస్కపోయి మొగుల్ల పెడ్తవా? గాలొస్తే మొగులు నిలుస్తదా?"

"పేరుకే మొగులు సేటు. ఎక్కడనో పెద్ద బిల్డింగుంటది. అండ్ల వేల కంప్యూటర్లుంటయి. మనకో అర్ర కిరాయికిస్తరు."

"మరి కిరాయి అర్ర అనరాదూ. మొగులని ఎందుకు అంటున్రు?"

పదేళ్లయింది. ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ పేరు పెట్టినవాడు ఎన్నడూ కిరాయికి ఉండి ఉండడు. ఆ రోజు నుంచి నేను 'మొగులు మల్లేశం' అయ్యాను, ఆ రోజు నుంచి మేనేజర్లకు కిరాయి భాషలోనే చెప్పడం మొదలుపెట్టాను.

కిరాయి ఇల్లు తీసుకుంటే గోడలు, కప్పు, నీళ్లు, కరెంటు, గేటు దగ్గర కాపలా, ఇవన్నీ ఇంటాయన చూసుకుంటాడు. మీకంటే బాగా చూసుకుంటాడు, ఆయన బతుకుతెరువే అది. కానీ లోపల ఏ సామాను పెట్టారు, తలుపు వేశారా లేదా, తాళంచెవి ఎవరికిచ్చారు, ఇవి ఆయన పని కాదు. మీ పని. క్లౌడ్‌కు పోయిన మేనేజర్లలో సగం మంది 'ఇక అన్నీ వాళ్లే చూసుకుంటారు' అని కాళ్లు చాపుకుంటారు. వాళ్లు చూసుకోరు. ఇల్లు దిగేనాడు మీ సామాను ఎలా బయటికి తెచ్చుకుంటారో కూడా, ఇల్లెక్కే రోజే అడగాలి. సిగ్గుపడకుండా అడగాలి. పెళ్లికి ముందే విడాకుల గురించి మాట్లాడినట్టు ఉంటుందని ఒకాయన నాతో అన్నాడు. ఆయన తర్వాత మూడు నెలలు తన సామాను కోసం తలుపు కొట్టాడు.

ఇంకొకటి. ఇల్లు మారే ముందు చెత్త ఏరిపారేయాలి. కుసుమంచిలో ఒక ఎరువుల దుకాణం వాళ్లు పన్నెండేళ్ల చెత్తంతా అట్లాగే ఎక్కించమన్నారు. అందులో చనిపోయిన రైతుల పేర్లు, ఒకే మనిషి నాలుగు రకాల స్పెల్లింగులతో, ఎవరో కంప్యూటర్లో ఆడుకున్న చదరంగం ఆటలు. మొగులెక్కినా చెత్త చెత్తే.

సర్వర్‌కు కొబ్బరికాయ

ఇక భద్రాచలం. అరవై పడకల ప్రైవేటు దవాఖానా. పేరు చెప్పను. మేనేజర్ నరసింహారావు గారు. తాతల కాలంలోనే కోస్తా నుంచి సత్తుపల్లి వైపు వచ్చి భూములు కొనుక్కున్న రైతు కుటుంబం ఆయనది. మనిషి నిదానం, పని కచ్చితం. ఏ మాటైనా 'అసలు విషయం ఏంటంటే' అని మొదలుపెడితే గాని ఆయనకు నోరు తిరగదు.

దవాఖానాకు ఒక సొంత సర్వర్ ఉండేది. ఆయన గదిలో ఫ్యాను. సర్వర్ గదిలో ఏసీ. రోగుల పాత రిపోర్టులు, మందులు, రక్తం గ్రూపులు అన్నీ దాంట్లోనే. దసరాకు ఆయుధ పూజ చేస్తారు కదా. స్కానింగ్ మిషన్‌కు బొట్టు, అంబులెన్స్‌కు దండ, జనరేటర్‌కు నిమ్మకాయ. సర్వర్ అంటే ఆయనకు ప్రాణం కాబట్టి దానికి ప్రత్యేక పూజ. ఆపించి, తడిగుడ్డతో తుడిపించి, పసుపు రాసి, బంతిపూల దండ వేశారు. దండ సరిగ్గా గాలి పోయే చిల్లుల మీద పడింది. కొబ్బరికాయ మాత్రం సర్వర్ నెత్తిన కొట్టలేదు, పక్కనే రాయి పెట్టి కొట్టారు. కాని కొబ్బరి నీళ్లు ఎటు పోవాలో అవే చూసుకుంటాయి.

సాయంత్రం స్విచ్చి వేస్తే అగరుబత్తి కంటే చిక్కటి పొగ వచ్చింది.

నేను పోయి మూత తీస్తే లోపల కుంకుమ కలిసిన కొబ్బరి నీళ్లు ప్రసాదంలా పేరుకుని ఉన్నాయి. "బ్యాకప్ డ్రైవ్ ఏది సార్?" అన్నాను. ఆయన కింది అరలోకి వేలు చూపించారు. దానికీ బొట్టుంది. అదీ తడిసింది.

పదకొండు రోజులు కూర్చుని చాలామటుకు బయటికి తీశాను. రానివాటికి పాత కాగితాలే దిక్కు. వాటిని ఒక్కొక్కటీ స్కాన్ చేసింది రికార్డు గది చూసుకునే సమ్మక్క. దుమ్ముగూడెం వైపు గూడెం ఆమెది. ఇంట్లో కోయ భాష, దవాఖానాలో తెలుగు, నాతో వెటకారం.

"గిదంత మొగుల్ల పెడితే, నన్ను ఇంటికి పొమ్మంటరా సారూ?" అని ఒక రోజు అడిగింది. చేతిలో కాగితం ఆపలేదు.

"నువ్వు లేకుంటే దాన్ని నడిపేదెవరు?" అన్నాను.

ఓదార్పుకు అన్న మాట అది. నేను అబద్ధమనుకుని చెప్పిన మాటల్లో తర్వాత నిజమైనవి చాలా తక్కువ. ఇది ఒకటి.

ఒకే తాళం

దవాఖానా క్లౌడ్‌కు మారింది. రెండు నెలల పని. చివరి రోజు తాళాల సంగతి వచ్చింది. అంటే, ఎవరెవరు ఏ పేరుతో లోపలికి పోవాలి, కొత్త చోటు నుంచి ఎవరైనా తెరవబోతే అడిగే కోడ్ ఎవరి ఫోనుకు రావాలి అని. ఇక్కడ నాకూ నరసింహారావు గారికీ పెద్ద యుద్ధమే జరిగింది.

"ఒక్కొక్కరికి వేరే పేరు, వేరే తాళం పెడదాం సార్. మీరు ఊళ్లో లేని రోజుకు ఇంకొకరి నంబర్ కూడా ఇద్దాం," అన్నాను.

"అసలు విషయం ఏంటంటే మల్లేశం గారూ, ఇంటికి తాళంచెవి ఒకటే ఉండాలి. అది యజమాని మొలకే ఉండాలి."

"మీకు జ్వరమొస్తే?"

"నాకు రాదండీ."

రెండు గంటలు వాదించాను. బల్ల గుద్దాను. చేతులు జోడించాను. ఇది ఇల్లు కాదు సార్, దవాఖానా అన్నాను. ఆయన కదల్లేదు. చివరికి ఓడిపోయి, వార్డుల్లో, ల్యాబులో, రికార్డు గదిలో ఉన్న కంప్యూటర్లన్నీ ఆయన ఒక్కడి పేరుతోనే తెరిచి పెట్టాను. కోడ్ వస్తే ఆయన ఫోనుకే రావాలి.

ఒకసారి తెరిచాక ఆ కంప్యూటర్లు తెరిచే ఉండేవి. కోడ్ అడిగే అవసరం పడలేదు. సంవత్సరం గడిచింది. అందరూ ఆ సంగతే మరిచిపోయారు. బాగా పనిచేసేదాని గురించి ఎవరూ ప్రశ్న వెయ్యరు, మేనేజర్లు అసలే వెయ్యరు. మీరు వెయ్యండి.

ఎలుగుబంటి

ఆ చలికాలం నరసింహారావు గారు అయ్యప్ప మాల వేసుకున్నారు. దీక్ష ముగించి, నలభై మందితో కలిసి బస్సులో శబరిమలకు బయల్దేరారు. వాళ్ల గురుస్వామి నియమాల మనిషి. ఫోనుంటే మనసు కొండ మీద నిలవదని అందరి ఫోన్లూ ఆపించి, ఒక గుడ్డ సంచిలో వేసి మూటగట్టాడు.

ఆయన పోయిన మూడో రోజు పొద్దున, నెలవారీ తనిఖీకి నేను దవాఖానాలో ఉన్నాను. పది గంటలకు ఇంటర్నెట్ పోయింది. లైన్‌మన్‌కు ఫోన్ చేశాను.

"పాల్వంచ దాటినంక అడివిల వైరు డబ్బా ఊడింది సార్."

"గాలికా?"

"ఎలుగుకు."

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

"స్తంభానికి కట్టిన డబ్బాల తేనెటీగలు పట్టు పెట్టినయి సార్. ఎలుగు ఎక్కి డబ్బా గుంజింది. తేనె తిన్నది, వైరు తెంపింది."

"వైరెందుకు తెంపింది?"

"దాన్నే అడగాలె సార్. మీరొస్తరా, నేను చూపిస్త."

నాకేం దిగులు కలగలేదు. ఇట్లాంటి రోజు కోసమే సిమ్‌తో నడిచే రెండో దారి పెట్టి ఉంచాను. క్లౌడ్ ఎంత గొప్పదైనా దానికి పోయే దారి అడవిలోంచే పోతుందని మేనేజర్లకు నేను ఎప్పుడూ చెప్పే మాటే. గర్వంగా పోయి రెండో దారికి మార్చాను.

వెంటనే కంప్యూటర్లన్నీ ఒకేసారి తలుపులు మూసుకున్నాయి. కొత్త దారిలో వస్తున్నారు, ఎవరు మీరు, యజమాని ఫోనుకు పంపిన కోడ్ చెప్పండి అని అడిగాయి. కిరాయి ఇంటి కాపలాదారు తన పని తాను చేశాడు. కొత్త దారిలో వచ్చినవాణ్ణి ఆపాడు. వాడి తప్పేం లేదు.

సమ్మక్క నా మొహం చూసింది. "ఏమైంది సారూ, ఎలుగును చూసినట్టు చూస్తున్నరు?"

నేను జవాబు చెప్పేలోపే డాక్టరమ్మ రికార్డు గదిలోకి వచ్చింది.

"సమ్మక్కా, జోగమ్మ పాత రిపోర్టు తియ్యి. రెండేళ్ల కింద హైదరాబాద్ ల్యాబు వాళ్లు ఇచ్చింది."

జోగమ్మది చర్ల వైపు గూడెం. సికిల్ సెల్ అనే రక్తం జబ్బు మనిషి. ఎనిమిదో నెల. పొద్దున్నే తెచ్చారు, ఒంట్లో రక్తం బాగా పడిపోయింది. ఎక్కించాలి. రెండేళ్ల కింద ఇక్కడే రక్తం ఎక్కిస్తే ఆమె ఒళ్లు ఎదురు తిరిగింది. గ్రూపు సరిపోయినా, ఆ గ్రూపులోనే ఏదో ఒక రకం ఆమెకు పడదు. ఏ రకం పడదో ఆ రిపోర్టులో ఉంది.

"మళ్లీ పరీక్ష చేస్తే తెలవదా మేడం?" అన్నాను.

"రెండేళ్లయితే పరీక్షలో కనపడకపోవచ్చు. సరిపోయినట్టే చూపిస్తుంది. ఎక్కించినాక బయటపడుతుంది. అదే నా భయం," అంది. "ఒక గంట ఆగగలను. ఏ రకమో ఈలోపు తెలిస్తే, సరైనది వచ్చేదాకా ఎట్లాగో నెట్టుకొస్తాను, లేకపోతే ఉన్నదే ఎక్కించాలి."

ల్యాబుకు ఫోన్ చేస్తే శాంపిల్ నంబర్ అడిగారు. ఆ నంబర్ ఉన్నది ఆ రిపోర్టులోనే. కాగితం ప్రతిని స్కాన్ అయిపోయాక అటక మీద పడేశారు, చెదలు తిన్నాయి. జోగమ్మ తల్లి దగ్గర ఒక ప్రతి ఉండేది, ఇంటి కప్పులో దోపితే వానకు నానిపోయింది. ఆ తల్లి గుమ్మం దగ్గర నిలబడి సమ్మక్కతో కోయలో ఏదో అడిగింది. సమ్మక్క మాకు చెప్పింది.

"'మా కాగితం పోతే పోనీ, మీ దగ్గర పెట్టుకున్నరు గదా, మీ దగ్గర కూడా లేదా' అంటుంది."

ఉంది. భద్రంగా ఉంది. ప్రపంచంలో ఎక్కడో ఒక బిల్డింగులో, వరద రాని చోట, కొబ్బరికాయ కొట్టని చోట, మూడు చోట్ల మూడు ప్రతులుగా ఉంది. మేమే లోపలికి పోలేం.

ఏ స్వామి?

నరసింహారావు గారి ఫోను ఆపి ఉంది. సమ్మక్కే ఖమ్మంలో ఆ బస్సు యజమానికి ఫోన్ చేసి డ్రైవర్ నంబర్ సంపాదించింది. డ్రైవర్ మాల వెయ్యలేదు కాబట్టి అతని ఫోనొక్కటి బతికి ఉంది. స్పీకర్ పెట్టింది. బస్సు తమిళనాడులో ఎక్కడో టిఫిన్‌కు ఆగి ఉంది.

"అన్నా, మా స్వామిని జర పిలువు," అంది సమ్మక్క.

"ఏ స్వామమ్మా?"

"నరసింహారావు స్వామి."

"ఈడ పేర్లు లేవమ్మ. మాలేసినంక అందరు స్వాములే. నలభై మందున్నరు."

"నల్ల బట్టలు..."

"అందరియి నల్ల బట్టలే."

"గడ్డముంటది."

"అందరికి గడ్డమే."

నేను ఫోను లాక్కున్నాను. "అన్నా, బట్టతల."

"బట్టతలలు తొమ్మిది సార్."

అవతల శరణుఘోష మొదలైంది. ఇవతల గోడ మీది గడియారంలో ఇరవై నిమిషాలు పోయాయి. సమ్మక్క ఫోను దగ్గరికి వంగి, నిదానంగా, ఒక్కో మాట విడదీసి చెప్పింది.

"అన్నా, 'అసలు విషయం ఏంటంటే' అనే స్వామి."

"ఓ, ఆ స్వామా? ముందే చెప్పరాదమ్మా. మొన్నటి సంది నాకు బండి నడుపుడు నేర్పుతుండు." గట్టిగా కేక వేశాడు. "ఓ అసలు విషయం స్వామీ, మీకు ఫోను."

నరసింహారావు గారు వచ్చారు. సమ్మక్క మూడు వాక్యాల్లో చెప్పింది. ఆయన 'అసలు విషయం' అనలేదు. "ఆ సంచి ఎక్కడుంది స్వామీ?" అని గురుస్వామిని అడగడం వినిపించింది.

"కొండ దిగేదాకా ముట్టవద్దని చెప్పిన గద స్వామి," అన్నాడు గురుస్వామి.

"ఒక తల్లి స్వామీ. కడుపుతో ఉంది."

తర్వాత మూట విప్పిన చప్పుడు, నలభై ఫోన్లు ఒకదానికొకటి తగిలిన చప్పుడు.

ఆయన ఫోను తెరవగానే బ్యాటరీ అయిపోయింది. బస్సులో చార్జింగ్ పెట్టారు. అది వెలిగేదాకా మేము ఇక్కడ నిలబడి ఉన్నాం. జోగమ్మ తల్లి కింద కూర్చుని నా చేతుల్నే చూస్తోంది, అంతా నా చేతుల్లోనే ఉన్నట్టు.

మొదటి కోడ్ పంపాను. అక్కడికి చేరేసరికి గడువు దాటింది. రెండోది పంపాను. ఆయన చదివారు, శరణుఘోషలో ఒక అంకె నాకు తప్పు వినపడింది. తప్పు కోడ్ అంది. ఇంకొక్క తప్పు పడితే ఒక పూటంతా తెరవదు.

"సారూ, మీరు లెవ్వండి," అంది సమ్మక్క. నేను లేచాను. ఆమె కూర్చుంది. "స్వామీ, బస్సు దిగి దూరం పోండి. ఒక్కొక్క అంకె చెప్పండి. నేను తిరిగి చెప్త. అవ్ అంటేనే కొడ్త."

"ఏడు."

"ఏడు కొండల ఏడా?"

"అవును."

"తర్వాత ఒకటి అన్నరా?"

"ఒకటి కాదు, ఒకటి అనలేదు నేను. తొమ్మిది."

అట్లా ఆరు అంకెలు. తలుపు తెరుచుకుంది.

డాక్టరమ్మ రిపోర్టు చదివింది. వార్డులోకి పోయి, జోగమ్మ మంచం పక్కన స్టాండుకు తగిలించి సిద్ధంగా ఉంచిన రక్తం సంచిని తన చేత్తో తనే తీసేసింది. సరైన రకం ఖమ్మంలో దొరికింది. మధ్యాహ్నానికల్లా తెచ్చారు. ఆ రిపోర్టులో, పడని రకం పేరుగా ఉన్న రెండు అక్షరాలు లేకపోతే ఏమయ్యేదో నేను డాక్టరమ్మను అడగలేదు.

జోగమ్మకు నెల తర్వాత ఆడపిల్ల పుట్టింది. పిల్లకు మొగులమ్మ అని పేరు పెట్టారని చెబితే కథ అందంగా ఉండేది. అక్షిత అని పెట్టారు.

ఎలుగు రోజు

నరసింహారావు గారు తిరిగొచ్చాక డాక్టరమ్మ ముందు, నా ముందు, సమ్మక్క ముందు ఒకటే మాట అన్నారు. "తాళంచెవి నా మొలకే కట్టుకున్నానండీ. తప్పు నాదే." తర్వాత ఒక తెల్లకాగితం తీసి, "ఇప్పుడు చెప్పండి, ఏం చేద్దాం," అన్నారు.

మేనేజర్లకు నేను చెప్పాల్సింది ఆయన ఆ వారం చేసిన పనుల్లోనే ఉంది. ప్రతి నర్సుకు, ప్రతి ల్యాబు మనిషికి తన పేరుతో తన తాళం. రెండో తాళంచెవి సమ్మక్కకు. మూడోది కవరులో పెట్టి, సీలు వేసి, డాక్టరమ్మ బీరువాలో. సికిల్ సెల్ మనుషుల ముఖ్యమైన వివరాలు వారానికోసారి అచ్చు వేసి ఎర్ర ఫైలులో. కాగితానికి కోడ్ అడిగే గుణం లేదు.

అన్నిటికంటే గొప్పది ఇంకొకటి. నెలకొకసారి, చెప్పకుండా, సమ్మక్క పోయి ఇంటర్నెట్ వైరు పీకేస్తుంది. వరండాలో నిలబడి "ఎలుగొచ్చింది" అని అరుస్తుంది. అరగంట దవాఖానా ఎలుగు వచ్చినట్టే నడవాలి. మొదటి నెల గందరగోళం. మూడో నెల ఒక నర్సు టీ తాగుతూ నడిపించింది. పెద్ద కంపెనీల్లో దీనికి పెద్ద పేర్లున్నాయి. మా దగ్గర ఎలుగు రోజు.

ఆ తర్వాత వానాకాలంలో గోదారి లోపలికొచ్చింది. దవాఖానా కింది అంతస్తు మునిగింది. పాత సర్వర్ గది నడుం లోతు నీళ్లలో ఉంది. అందరూ ఎత్తు మీది బడిలోకి మారారు. సమ్మక్క రెండు ల్యాప్‌టాపులు, ఒక సిమ్ డబ్బా, ఎర్ర ఫైలు తలమీద పెట్టుకుని నడిచొచ్చింది. బ్లాక్‌బోర్డు ముందు బల్ల వేసుకుని, మొదటి రోగి పేరు అడిగింది, పాత రిపోర్టు తెరిచింది. నరసింహారావు గారు పక్కనే నిలబడి ఉన్నారు. నాతో ఫోన్లో అన్నారు: "అసలు విషయం ఏంటంటే మల్లేశం గారూ, ఇల్లు మునిగింది. సామాను తడవలేదు."

అందుకే క్లౌడ్ వద్దని నేను ఎవరికీ చెప్పను. పోండి. మంచి చోటు అది. మీ గదిలోని డబ్బా కంటే భద్రం. వాడని దీపాలు, అంటే అక్కర్లేని సర్వీసులు, ఆర్పుతూ ఉండండి, లేకపోతే కిరాయి మీకు తెలియకుండా పెరుగుతుంది. మీ దగ్గర సమ్మక్కలాంటి మనిషి ఎవరో వెతకండి. ఉంటారు, రికార్డు గదిలోనో, గోడౌన్‌లోనో, మీరు పేరు పెట్టి పిలవని కుర్చీలో. క్లౌడ్ నడిపేది ఆ మనిషే. ఈ రోజు మణుగూరు నుంచి చర్ల దాకా మూడు చిన్న దవాఖానాలకు ఈ పని నేర్పుతున్నది సమ్మక్క. నాకు ఫోన్ చేసి నా పాత తప్పులు చదివి వినిపిస్తూ ఉంటుంది.

ఒట్టు సంగతి

మొదట్లో ఒట్టు పెట్టాను. సిగ్నల్ పోతే నాకే కష్టం కాబట్టి ఒప్పుకుంటున్నాను. ఇందులో ఒక భాగం నేను కల్పించాను.

ఎలుగుబంటి కాదు. ఎలుగుబంటి నిజం. డబ్బా మీద గోళ్ల గీతలు నేనే చూశాను. కొబ్బరికాయ నిజం. తొమ్మిది బట్టతలలు నిజం.

అబద్ధం 'ఒకే తాళం' అన్న భాగం. ఆ యుద్ధం జరగలేదు. నేను బల్ల గుద్దలేదు. జరిగింది ఇది. చివరి రోజు నరసింహారావు గారే అడిగారు: "అసలు విషయం ఏంటంటే మల్లేశం గారూ, నేను ఊళ్లో లేకపోతే ఎలాగండీ? ఇంకొకరి నంబర్ కూడా పెట్టాలేమో?" అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట. పాల్వంచలో నా దోస్తు ఇంట్లో కిన్నెరసాని చేపల పులుసు పొయ్యి మీదుంది. ఒక్కొక్కరికీ వేరే తాళం పెట్టాలంటే ఇంకో మూడు గంటల పని. "తర్వాత పెడదాం సార్, ఇప్పటికి మీది చాలు," అన్నాను. ఆ తర్వాత సంవత్సరం నిండా నెలనెలా పోయాను. ఆ మాట ఎత్తలేదు.

ఆయన తిరిగొచ్చి "తప్పు నాదే" అన్న రోజు నేను అక్కడే ఉన్నాను. నోరు తెరవలేదు. అప్పటి నుంచి ఎక్కడ ఈ కథ చెప్పినా తాళం ఆయన మొలకే కట్టాను. జనం బాగా నవ్వేవాళ్లు. మొండి మేనేజర్ కథలంటే అందరికీ ఇష్టం.

ఈ కాగితాలు రాయడం అయ్యాక, 'ఒట్టు సంగతి' రాయకముందు, మొదట ఆయనకే చూపించాను. కళ్లజోడు పెట్టుకుని ఆసాంతం చదివారు. పెన్ను తీసి ఒకే ఒక్క చోట దిద్దారు. సర్వర్‌కు వేసింది బంతిపూల దండ కాదట, చామంతి.

"తాళం సంగతి దిద్దలేదేం సార్?" అన్నాను.

కళ్లజోడు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"అది మీరే దిద్దుకుంటారని చూశానండీ," అన్నారు.